ఇల్లు అద్దెకు ఇవ్వబడ

ముసలితనం అందరికీ వస్తుందని నాకు తెలుసు. నా దాకా వస్తుందని మటుకు అనుకోలేదు. దారి తప్పి ఏ పక్కవీధికో పోతుందిలే అనుకున్నాను. అది సరిగ్గా ఇల్లు కనుక్కుని వచ్చి, ముందుగా మోకాళ్ళ దగ్గర తలుపు తట్టింది.

నాది బోర్డులు రాసే పని. నలభై రెండేళ్ళు నిచ్చెన మీదే బతికాను. బజార్లో ఏ కొట్టు ముందు నుంచుని తలెత్తినా నా అక్షరమే కనపడేది. బొమ్మలూ వేసేవాణ్ణి. ఒకసారి కోళ్ళ దాణా కొట్టుకి పుంజు బొమ్మ వేస్తే, ఎదురింటి పుంజు రోజూ వచ్చి దానితో కలబడి, ముక్కు విరగ్గొట్టుకుని, చివరికి సిగ్గుపడి కూయడమే మానేసింది. నమ్మనివాళ్ళు ఆ పుంజునే అడగొచ్చు. ఇప్పుడు అది లేదనుకోండి.

పోయిన ఏడాది మందుల షాపుకి బోర్డు రాస్తూ ఉండగా, ఏడో మెట్టు మీద నా కుడి మోకాలు బిగుసుకుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. ఎడమకాలు దాన్ని బతిమాలుతూ ఉండగానే నేను కింద ఉన్నాను. పడినవాణ్ణి మందుల షాపు ముందే పడ్డాను కాబట్టి కట్టు తొందరగా కట్టారు. భుజం ఎముక విరిగింది. బోర్డు మీద ‘మందు’ వరకే పూర్తయింది. నాకు భుజం అతుక్కునేదాకా ఆ షాపుకి రాకూడనివాళ్ళంతా వచ్చారట.

ఇంటికొచ్చాక మా ఇంటావిడ కుట్టుమిషను తొక్కుతూనే, కాలు ఆపకుండా తీర్పు చెప్పింది.

“ఇక మీరు నిచ్చెన ఎక్కితే, నేను గడప దిగుతా.”

సరే, నిచ్చెన ఎక్కకపోతే నోట్లోకి ఏం ఎక్కుతుంది? ఈ సంగతి మీద మా ఇంట్లో వారం రోజులు సభ జరిగింది. సభకి అధ్యక్షుడు నా బావమరిది. వాడు పంచదార ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చుని ముప్ఫై ఏళ్ళు లారీలు తూచి రిటైరయ్యాడు. అందుకని వాణ్ణి అందరూ తూకం అంటారు. మాట కూడా తూచే మాట్లాడతాడు. కాకపోతే ముల్లు ఎప్పుడూ వాడివైపే మొగ్గుతుంది.

రోడ్డు మీద నా పెయింటింగు గది అమ్మితే వచ్చేది, మా ఆవిడ మిషను మీద కూడబెట్టింది, రెండూ కలిపి బ్యాంకులో పడేసి కాలు మీద కాలేసుకు కూర్చోమని వాడి సలహా. కాలు మీద కాలేసుకోవడానికైనా మోకాలు వంగాలి కదా అన్నాను. పైగా బ్యాంకులో వేసింది కంటికి కనపడదు. ఇల్లయితే కనపడుతుంది. మా ఇంటి మీద ఇంకో ఇల్లు కడతాను, అద్దెకిస్తాను, పైన వాళ్ళు నడుస్తుంటే కింద మనం తింటాం అన్నాను. ఇల్లు పాడిగేదె లాంటిది, కాకపోతే గడ్డి అడగదు అని ఒక సామెత కూడా అప్పటికప్పుడు పుట్టించాను.

కట్టడం మొదలుపెట్టాక తెలిసింది. గడ్డి అడగదు, నిజమే. ఇసుక అడుగుతుంది. సిమెంటు అడుగుతుంది. కంకర అడుగుతుంది. మేస్త్రీకి రోజుకి నాలుగుసార్లు టీ అడుగుతుంది. ఎలాగైతేనేం, రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది, బయటినుంచి ఇరవై రెండు మెట్లు, ముందువైపు చిన్న పిట్టగోడ లేచాయి. ఉన్నదంతా అందులోకి పోయింది. మిగిలిందల్లా నా చేతిలో కుంచె, మా ఆవిడ చేతిలో కత్తెర.

ఇక బోర్డు. ఊళ్ళో అందరూ ‘టు లెట్’ అని ఒక అట్టముక్క గేటుకి వేలాడేస్తారు. అది పిలిచినట్టుండదు, గొణిగినట్టుంటుంది. నేనలా చేస్తే నలభై రెండేళ్ళ పనికి అవమానం. ఆరడుగుల రేకు తెచ్చాను. నీలం రంగు మూడు పూతలు. దాని మీద పసుపచ్చ అక్షరాలు, అక్షరానికి ఎర్రంచు, అంచు వెనక నల్లని నీడ. మా పల్లెటూరి బడిలో మాస్టారు బెత్తంతో నేర్పిన పద్ధతిలోనే, మర్యాదగా, నిండుగా ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అని రాయాలని కూర్చున్నాను. ఆ బడిలో నాకు బాగా వచ్చింది ఈ ‘బడు’ ఒక్కటే. పాఠం చెప్పబడింది, నేను అడగబడ్డాను, చెప్పలేకపోయాను, తన్నబడ్డాను.

నాలుగు రోజులు పట్టింది. గాలికి ఊగకుండా వెల్డరు చేత ఇనప చట్రం కట్టించి, పిట్టగోడకి బయటివైపు, రోడ్డుకి ఎదురుగా బిగించాం. ఫోన్ నంబరు రాయలేదు. అంకెలు అక్షరాల అందం చెడగొడతాయి. అయినా బోర్డు కింద ఇల్లుంది, ఇంట్లో నేనున్నాను, ఇంకేం కావాలి?

జనం రావడం మొదలైంది.

వచ్చేవాళ్ళు. రోడ్డు మీద ఆగేవాళ్ళు. తలెత్తి చదివేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. కొందరు సెల్‌ఫోన్లో ఫొటో తీసుకునేవాళ్ళు. నేను పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకుని, తల దువ్వుకుని, ఆ మెప్పంతా వినయంగా పుచ్చుకునేవాణ్ణి. ఒకాయన కింద నుంచి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అక్షరం విలువ తెలిసినవాడు అనుకున్నాను. అందరూ చూశారు, అందరూ మెచ్చారు, ఒక్కడూ గేటు తీసి లోపలికి రాలేదు.

నెల గడిచింది. అద్దె తగ్గిద్దామంది మా ఆవిడ. అడిగినవాడుంటే కదా తగ్గించడానికి. రెండో నెల కూడా అలాగే నడిచింది. టీ కొట్టు దగ్గర జనం నన్ను చూసి లేచి జాగా ఇవ్వడం మొదలుపెట్టారు. “కూర్చోండి, మీకేం తక్కువ” అంటున్నారు. నాకున్న తక్కువలు నేను లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. కొందరు నన్ను చాటుగా బడదుగారు అంటున్నారని విన్నాను. పడతాడనో పడడనో ఏదో అంటున్నారనుకుని, నా భుజం గురించే కాబోలని వదిలేశాను.

అప్పుడు బియ్యం మిల్లు మేనేజరు కబురు పెట్టాడు. రోడ్డు వైపు గోడ నలభై అడుగుల ఎత్తు. దాని మీద మిల్లు పేరు చేత్తోనే రాయించాలని యజమాని పట్టుదల. సోమవారం మొదలుపెట్టాలి, మీరు కాకపోతే ఇంకెవరు అన్నాడు. అటు తూకం కూడా అక్కతో మాట కలిపాడు. ఖాళీగా పడున్న పై ఇల్లు నేనే కొంటాను, మీరు పెట్టిన దానికి కాస్త తక్కువే అనుకో, అయినవాళ్ళం, నష్టమైనా భరిస్తానని. బావమరిదికి ఇల్లమ్మడం కంటే నలభై అడుగుల మీంచి పడడమే మర్యాద అనిపించింది నాకు.

మా ఆవిడ మిషను ఆపింది. ఆవిడ మిషను ఆపిందంటే మాట చిన్నది కాదు. ఆదివారం దాకా చూద్దామంది. ఆలోపు ఎవరైనా దిగితే సరే. దిగకపోతే ఇల్లు తమ్ముడికి అమ్మేద్దాం. కాదూ, మిల్లు గోడే ఎక్కుతానంటే, కిందపడ్డాక ఏరడానికి తను ఉండనంది.

గురువారం మధ్యాహ్నం ఒకావిడ గేటు తీసింది.

అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు, చేతిలో గొడుగు, భుజాన తోలు సంచి. ముప్ఫై నాలుగేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయిందట. ఈ సంగతి తర్వాత తెలిసింది కానీ, ఆవిడ నా కూర్చునే తీరు చూసి “కుడి మోకాలా?” అన్నప్పుడే సగం అర్థమైంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కుర్చీ తుడిచాను. మంచినీళ్ళు తెప్పించాను. ఆవిడ తాగి, గ్లాసు కింద పెట్టి, నేరుగా అడిగింది.

“ఇవ్వనప్పుడు అంత పెద్ద బోర్డెందుకండీ?”

నాకర్థం కాలేదు. ఇవ్వకపోవడమేమిటన్నాను.

“నాకూ ఒక సైకిలుంది. అమ్మను. అలాగని మెడలో బోర్డు కట్టుకుని తిరుగుతున్నానా?”

అప్పుడు నేను లేచాను. గేటు దాటాను. రోడ్డు అవతలికి వెళ్ళి వెనక్కి తిరిగి, రెండు నెలల్లో మొదటిసారి, నేను రాసింది చదివాను.

ఇల్లు అద్దెకు ఇవ్వబడదు.

దాన్ని నేను చూడలేదా అంటే రోజూ చూశాను. అంచు చూశాను, నీడ చూశాను, ఒత్తు కింద ఒత్తు కుదిరిందా అని చూశాను. చదవలేదు, అంతే. వంటవాడు తన వంట తినడని ఊరికే అన్నారా? ఇక చెయ్యి ఎందుకలా తిరిగిందంటే, దాని తప్పేం లేదు పాపం. నలభై రెండేళ్ళలో అది అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన మాట ‘అప్పు ఇవ్వబడదు’. కిరాణా కొట్టు, చెప్పుల కొట్టు, సోడా బండి, చివరికి వడ్డీవ్యాపారి కూడా అడిగి రాయించుకున్నాడు. ‘ఇవ్వబడ’ దాకా వచ్చాక నా చెయ్యి నన్ను అడగదు. కొట్టానికి చేరే ఎద్దులా ‘దు’లోకి వెళ్ళి పడుకుంటుంది.

రోడ్డు మీద నిలబడి నేనొక నిర్ణయం తీసుకున్నాను. అక్కడే తప్పు రాశానమ్మా అని ఉంటే కథ అయిపోయేది. కానీ ఆ బజారంతా నా అక్షరాల కింద వ్యాపారం చేసుకుంటోంది. నలభై రెండేళ్ళలో ఒక్క అక్షరం తప్పు పోలేదని నేనే ఊరంతా చాటాను. సొంత ఇంటికి రాసుకున్న ఒకే ఒక్క బోర్డు తప్పు రాశానని ఏ నోటితో చెప్పను? తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకున్నాను.

“కావాలనే రాశానమ్మా. అద్దెకివ్వను.”

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను. నవ్వింది.

“పదకొండు ఇళ్ళు తిరిగాను పెద్దాయనా. అన్నిటికీ ఇవ్వబడును అనే ఉంది. ఒక్కరూ ఇవ్వలేదు. ఒంటరిదాన్ని, వయసయింది. పోతే ఎవరు వస్తారు, మెట్లు ఎలా దించుతారు, అని మొహం మీదే అడిగారు. మీరొక్కరే ఉన్నమాట బోర్డు మీద రాశారు. అందుకే వచ్చా.”

వెళ్తూ వెళ్తూ మా మెట్లకేసి చూసి, వేలితో లెక్కపెట్టింది. ఇరవై రెండే కదా, నలుగురుంటే చాలు, మలుపు కూడా వెడల్పుగా ఉంది, మంచం అడ్డం తిరగదు అంది. ప్రస్తుతం బస్టాండు వెనక తెలిసినవాళ్ళ గదిలో ఉంటున్నానని, ఆదివారం అదీ ఖాళీ చేయాలని, ఒకవేళ మీ బోర్డు మనసు మార్చుకుంటే కబురు చెయ్యమని చెప్పి గొడుగు విప్పుకుంది.

గేటు మూసుకున్న చప్పుడు, లోపల మిషను ఆగిన చప్పుడు ఒకేసారి వినపడ్డాయి.

మా ఆవిడ చేతిలో కత్తెరతోనే రోడ్డు మీదికి నడిచింది. అవతలి గట్టున నిలబడి, గాల్లో వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. తిరిగొచ్చింది. మిషను ఎక్కి ఒక పొడుగాటి కుట్టు వేసింది. గుడ్డ అయిపోయినా మిషను ఆగలేదు. నువ్వూ ఆ బోర్డు చూశావు కదా, నీకైనా కనపడలేదా అని అడిగి చూశాను.

“మీ అక్షరాలు చదవడం నేను పెళ్ళయిన ఏడే మానేశాను. ఉత్తరాలు రాశారుగా, అవి చాలు.”

వెంటనే వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకురమ్మంది. ఇప్పుడే కావాలని రాశానన్నాను, ఇంతలోనే ఎలా మాట మారుస్తానన్నాను. మాట మార్చక్కర్లేదు, తప్పు రాశానని చెప్పండి చాలు అంది. బజారు నవ్వుతుందన్నాను. రెండు నెలల్నుంచి నవ్వుతూనే ఉందని, తల దువ్వుకుని మరీ నవ్వించుకున్నానని గుర్తుచేసింది. నాకు పౌరుషం వచ్చి, అయితే సోమవారం మిల్లు గోడే ఎక్కుతానన్నాను.

“ఎక్కండి. దాని మీద ‘బియ్యం అమ్మబడవు’ అని రాసి దిగండి.”

సాయంత్రం తూకం వచ్చాడు. వాడు బోర్డు బిగించిన రోజే చదివాడట. మరి చెప్పవేంరా అంటే, నీ ఇల్లు, నీ ఇష్టం, ఇవ్వకూడదనుకున్నావేమో అని ఊరుకున్నానన్నాడు. తూచి అన్నాడు. ముల్లు ఎటు మొగ్గిందో నాకు కనపడుతూనే ఉంది.

ఆ పూట నేను బజారంతా తిరిగాను. నా బోర్డులు మొదటిసారి చదువుకుంటూ వెళ్ళాను. ఎవడి వ్యాపారం ఎక్కడ తలకిందులు చేసి పెట్టానో ఎవరికి తెలుసు? పిండిమర సరిగ్గానే ఉంది. క్షవరం షాపు సరిగ్గానే ఉంది. అన్ని కొట్లలోనూ అప్పులు చక్కగా ఇవ్వబడడం లేదు. సైకిలు షాపు దగ్గర ‘సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును’ అని నేను ముప్ఫై ఏళ్ళ కిందట రాసింది ఇంకా ఉంది. రంగు వెలిసింది కానీ ఆ ‘ను’ మటుకు నిండుగా, పొట్ట ముందుకేసుకుని కూర్చునుంది. తప్పిపోయిన పిల్లాడు ఎదురింట్లో దొరికినట్టయింది. కాసేపు దాని కిందే నుంచున్నాను. షాపాయన సైకిలు కావాలా అన్నాడు.

తిరిగొస్తుంటే ఉపాయం తట్టింది. తప్పు ఒప్పుకోవడం దేనికి, దిద్దేస్తే పోలా? ‘దు’ని చెరిపేసి, ‘డ’కి కొమ్ము పెట్టి, పక్కన ‘ను’ రాస్తే చాలు. ఒక కొమ్ము, ఒక అక్షరం. పావుగంట పని. ఎవరైనా అడిగితే, ఇన్నాళ్ళూ ఇవ్వననుకున్నాను, ఇప్పుడు మనసు కరిగింది అంటాను. నర్సుగారికీ అదే మాట. దయ గలవాడని కూడా పేరొస్తుంది. కష్టమల్లా ఒకటే. బోర్డు పిట్టగోడకి బయటివైపుంది, పైనుంచి వంగితే అందదు. నిచ్చెన వేయాల్సిందే. వేరే పెయింటర్ని పిలవొచ్చు. కానీ నా తప్పు నేను దిద్దుకోవడం వేరు, దాన్ని ఇంకొకడి చేత దిద్దించుకోవడం వేరు. అదీకాక వాడు రాసే ‘ను’ నాకు తెలుసు. కడుపునొప్పి వచ్చి ముడుచుకున్నట్టుంటుంది.

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చి రావాలని సంచి పట్టుకుని బయల్దేరింది. ఎక్కడికో చెప్పలేదు, నేనడగలేదు. మలుపు తిరిగిందాకా చూసి, తూకాన్ని పిలిచాను. నిచ్చెన పట్టుకోరా అన్నాను. వాడు నన్ను, నిచ్చెనని, బోర్డుని మూడుసార్లు చూశాడు. బరువెంతుంటావు బావా అన్నాడు. అలవాటు.

ఎక్కాను. ఒక్కో మెట్టుకీ ఒక చప్పుడు. నిచ్చెన కిర్రుమందో నేను కిర్రుమన్నానో కింద ఉన్నవాడు తేల్చుకోలేకపోయాడు. పైకి చేరాను. ఇన్ని నెలల తర్వాత ఆ ఎత్తు నుంచి రోడ్డు కనపడేసరికి నాకు ఉత్సాహం వచ్చింది. నీలం డబ్బాలో కుంచె ముంచి, ‘దు’ మీద ఒక్క పూత, మీద ఇంకో పూత వేశాను. పోయింది. పీడ విరగడైంది. ఇక పసుపు డబ్బా అందుకోవడానికి ఒక మెట్టు దిగాలి.

కుడి మోకాలు రానంది.

మంచిగా చెప్పాను. బెదిరించాను. అది పోయినసారి మాటే అంది. తూకానికి చెబితే, వాడు నిచ్చెన వదిలి సాయం తేవడమా, వదలకుండా నిలబడడమా అని తూచడం మొదలుపెట్టాడు. వదలకురా బాబూ అన్నాను. ఇంతలో పాలవాడు ఆగాడు. వాణ్ణి చూసి పేపరువాడు ఆగాడు. టీ కొట్టు టీ కొట్టే కదిలి వచ్చినట్టయింది. అందరూ తలెత్తి చదువుతున్నారు. ఈసారి నేనూ చదివాను. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడ’. ఆ తర్వాత నీలం. ఆ నీలం పక్కన నేను, కుంచె పట్టుకుని, కొమ్ములేని అక్షరంలా.

ఆటో వచ్చి ఆగింది. ముందు మా ఆవిడ దిగింది. వెనక నర్సుగారు దిగింది. ఆ వెనక రెండు ట్రంకుపెట్టెలు, ఒక చాప, ఒక సైకిలు దిగాయి. సంచిలో బట్టలు కుట్టినవి కావని, ఉత్తి వంకని, మా ఆవిడ బస్టాండు వెనక్కే వెళ్ళిందని, జరిగిందంతా చెప్పి మరీ తీసుకొచ్చిందని నాకు ఆ ఎత్తునుంచి బాగా కనపడింది. మా ఆవిడ పైకి చూసింది. నిచ్చెన ఎక్కితే గడప దిగుతానందా? అప్పుడు దిగలేదు. నిచ్చెన దగ్గరికొచ్చి, తమ్ముణ్ణి ఒక పక్కకి నెట్టి, రెండు చేతులతో రెండో పక్క పట్టుకుంది. చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు మెట్టు మెట్టుకీ ఎక్కి నా అరికాళ్ళకి తెలిసింది. ఆవిడ రెండు నెలల్నుంచి ఇల్లు గురించి, అద్దె గురించి అడిగిందంతా ఈ భయంతోనేనని అప్పుడు బుర్రకెక్కింది. మంచి చోటే బుర్రకెక్కింది, దిగే దారి లేనిచోట.

నర్సుగారు చెప్పులు విడిచి, నాలుగు మెట్లు ఎక్కి, నా చీలమండ పట్టుకుంది. దించుతుందనుకున్నాను. దించలేదు.

“ముందు ఒక మాట తేల్చండి పెద్దాయనా. ఇవ్వబడునా, ఇవ్వబడదా?”

పాలవాడు హారన్ కూడా కొట్టలేదు. మనసు కరిగిందని చెప్పడానికి నోరు తెరిచాను. కింద నిచ్చెన ఇంకా వణుకుతోంది.

“తప్పు రాశానమ్మా. ఇవ్వబడును.”

“వినపడలేదు బావా,” అన్నాడు తూకం. వాడికి బాగానే వినపడింది.

“తప్పు రాశాన్రా. నలభై రెండేళ్ళలో ఒక్కటే రాశాను, అదీ నా ఇంటికే రాసుకున్నాను. చాలా?”

నవ్వుతారనుకున్నాను. నవ్వారు. కానీ నేననుకున్నంత సేపు నవ్వలేదు. పాలు విరిగిపోతాయని పాలవాడు, పొద్దెక్కిందని పేపరువాడు వెళ్ళిపోయారు. మనిషి పరువు పోవడానికి పట్టేది కూడా టీ తాగినంత సేపే అని అప్పుడు తెలిసింది. దానికోసం నేను రెండు నెలల అద్దె పోగొట్టుకున్నాను.

నర్సుగారు నా మోకాలి చిప్ప పక్కన ఎక్కడో బొటనవేలు పెట్టి నొక్కింది. నాకు చుక్కలు కనపడ్డాయి, మోకాలు వంగింది. ఎడమకాలు, కుడికాలు, ఎడమకాలు అని ఆవిడ చెబుతూ ఉంటే, బడిలో కూడా ఇంత బుద్ధిగా చెప్పిన మాట వినలేదు నేను. కింద కాలు ఆనగానే మా ఆవిడ నా చేతిలో కుంచె లాక్కుని, నీలం రంగుతోనే నా భుజం మీద ఒకటి వేసింది. ఆ మరక ఇప్పటికీ ఆ చొక్కాకి ఉంది.

ట్రంకుపెట్టెలు తూకమే మోశాడు. ఒక్కోటి ఎంతుందో చెబుతూ మోశాడు. మిల్లు గోడకి వాళ్ళు పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. మొదటి గాలివానకి అది లేచిపోయి, మూడూళ్ళ అవతల పెళ్ళి భోజనాల మీద పందిరిలా వాలిందని, వాళ్ళు తిరిగివ్వలేదని చెబుతారు. చెప్పేది నేనే.

నిచ్చెనని నర్సుగారు పైకి తీసుకుపోయింది. దాన్ని గోడకి అడ్డంగా బిగించి, బట్టలు ఆరేసుకుంటోంది. అద్దెలో అది కూడా కలిసే ఉందట. ఒకటో తారీకు పొద్దున్నే ఆవిడ మెట్లు దిగి వస్తుంది. మా ఆవిడకి అద్దె ఇస్తుంది, నాకు మోకాలు నొక్కుతుంది. రెండింటిలో ఏది ఎక్కువ బాధో ఆవిణ్ణి అడిగితే ఒకటి చెబుతుంది, నన్ను అడిగితే ఇంకోటి చెబుతాను.

బోర్డు అలాగే ఉంది. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడ’. దారినపోయేవాళ్ళు ఇంకా ఆగి చూస్తారు. పూర్తి చేయడానికి నిచ్చెన లేదు, ఉన్నా ఎక్కనివ్వరు. మొన్న ఒకటో తారీకున నర్సుగారితో అన్నాను, మీరు ఖాళీ చేసే రోజున ఆ ఒక్క అక్షరం రాసేస్తానమ్మా, అప్పుడు అవసరం పడుతుంది కదా అని.

ఆవిడ మోకాలు నొక్కడం ఆపలేదు.

“నేను ఖాళీ చేసేది ఒకేసారి అన్నయ్యగారూ. ఇరవై రెండు మెట్లు, నలుగురి మీద. ఆ నలుగురిలో ఒకరు మీరే కావాలి. ముందు ఈ కాలు చాపండి.”